విశ్వాసము, నమ్మిక

క్రైస్తవవేదము గ్రీకుమూలమున 'పిస్తిస్' అను నామమును, 'పిస్తెవో' అను క్రియయు నేకధాతుజన్యములు. తెలుఁగు బైబిలునందు నామము ప్రాయికముగా 'విశ్వాస'మయ్యెను. క్రియ తఱచుగా 'నమ్ముట' యయ్యెను. ఒకటి తత్సమము, ఒకటి దేశ్యము. ఇది వట్టి శబ్దసౌకర్యమని తోఁపవచ్చును గాని, విశ్వాసస్వరూప మెట్టిదను ప్రశ్నయే యిందు నిమిడియున్నది.

రోమీయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయము 22వ వచనమునఁ బౌలు నామమును క్రియను నొక్కచోటనే కూర్చెను. మూలమున నొకే ధ్వని రెండుమాఱులు మ్రోఁగును, తెలుఁగున మ్రోఁగదు. అంతకంటె ముఖ్యమైన దింకొకటి గలదు. అచట మూలమున నున్నది షష్ఠి మాత్రమే. క్రీస్తునందు మనుజుఁడుంచు విశ్వాసమా, క్రీస్తు స్వయముగాఁ జూపిన విశ్వాస్యతయా యని సందేహము. 1983లో రిచర్డ్ హేస్ గ్రంథము వెలువడిన పిమ్మట రెండవ పక్షమునకుఁ బండితులలో బలము హెచ్చినది. తెలుఁగుపాఠము 'నందలి' యని చేర్చి మొదటి పక్షమునే స్థిరపఱచినది. 'క్రీస్తువిశ్వాసము' అని సమాసముగా విడిచినచో సప్తమీతత్పురుషము, షష్ఠీతత్పురుషము రెండును బొసఁగెడివి; సందేహము సందేహముగనే నిలిచెడిది.

విశ్వాసపదమున కా శక్తి లేకపోలేదు. స్వామివిశ్వాసము, విశ్వాసఘాతకుఁడు అను వాడుకలలో నది నమ్ముట కాదు, నమ్మినవానియెడఁ దప్పకుండుట. హీబ్రూ 'ఎమునా'కును స్థైర్యమే మూలార్థము. నిర్గమకాండము 17వ అధ్యాయమున అహరోను, హూరు పట్టుకొనియుండఁగా సూర్యాస్తమయమువఱకుఁ జలింపక నిలిచిన మోషే చేతులను గూర్చియు నీ మాటయే వాడఁబడినది. శ్రద్ధాశబ్ద మింతకంటెఁ దగునను వారు గలరు; కాని తెలుఁగున శ్రద్ధ చదువునందలి జాగరూకతగా సంకోచించిపోయినది.

యాకోబుపత్రిక 2వ అధ్యాయమున దయ్యములును నమ్మి వడఁకునను మాట గలదు. పౌలు నీతిమూలముగాఁ జెప్పిన క్రియయే యిది. కావుననే దెబ్బ గట్టిది. 1522లోఁ బ్రకటించిన జర్మను అనువాదమున రోమీయపత్రికలో 'మాత్రమే' యని చేర్చిన లూథరు, ఆ గ్రంథపీఠికలోనే యాకోబుపత్రికను గడ్డిలేఖ యనుటయు నీ విరోధము తోఁచినందుననే. తెలుఁగు చదువరి మాత్రము దయ్యములకు నమ్మికయే గాని విశ్వాసము లేదని సులభముగాఁ దప్పించుకొనఁగలఁడు. క్రియలు లేని విశ్వాసము మృతమని యా యధ్యాయముననే యుండుటచే వాదము పూర్తిగా మఱుఁగుపడలేదు. దయ్యముల ప్రస్తావము మాత్రము దానితో నతుకక విడిగా నిలిచియున్నది.