తెరమీది ఎడారికి రెండు నీడలు

ఎడారి యనగానే ఇసుకతిన్నెలు, ఒంటెల బారు, ఖర్జూరపు చెట్లు స్ఫురించుట పరిపాటి. బొమ్మల పుస్తకములలోని ఎడారి అట్టిదే. కాని భూమిమీది ఎడారులలో ఇసుక కప్పిన భాగము తక్కువ. బండనేల, గులకరాళ్లు, గట్టిపడిన మట్టి ఎక్కువ. అమెరికా సంయుక్త రాష్ట్రములలో యూటా, అరిజోనా రాష్ట్రముల సరిహద్దున గల మాన్యుమెంట్ వాలీ ఇట్టి రాతి ఎడారి. అచట చదునైన ఎఱ్ఱనేలమీద ఇసుకరాతి గుట్టలు కోటగోడలవలె నిట్టనిలువుగా లేచియున్నవి. పెద్దగుట్టల యెత్తు నేలనుండి సుమారు 300 మీటర్లు.

ఈ లోయమీద విమానము నడిపిన అనుభవమును ఇంటిలో కంప్యూటరు ముందు కూర్చున్నవారికి కలిగించు సాధనములు నేడు కలవు. వీనినే సిమ్యులేటరులందురు. 1980 ప్రాంతమున ఆపిల్-2 కంప్యూటరుకు వచ్చిన తొలినాటి సిమ్యులేటరులో నేల యనగా తెరమీద కొన్ని గీతలు మాత్రమే. 1995లో మొదలై పెరుగుచు వచ్చిన ఎక్స్-ప్లేన్ అను సిమ్యులేటరులో ఇప్పుడు ప్రపంచమంతయు కలదు. అయినను దానితో వచ్చు భూదృశ్యము చాలవరకు ఒక పట్టిక ననుసరించి అల్లినది. పట్టికలో పొడినేల యని యున్నచోట పొడినేలకు తగిన నమూనా చిత్రమొకటి పరచబడును. అందుచే ఒక ఎడారికిని మరియొక ఎడారికిని భేదము తెలియదు.

ఈ కొరతను తీర్చుటకు ఔత్సాహికులు వాడునది ఆర్థో4ఎక్స్‌పి అను ఉచిత ఉపకరణము. ఇది ఒక ప్రదేశమును పైనుండి తీసిన నిజమైన ఛాయాచిత్రమును తెచ్చి, ఆ ప్రదేశపు ఎత్తుల నమూనామీద దుప్పటివలె కప్పును. ఇట్లు తయారగు మాన్యుమెంట్ వాలీ దృశ్యమును పరిశీలించుట ఉపాధ్యాయులకును విద్యార్థులకును ఉపయోగకరము. అడవిలోనైనచో చెట్లును, పట్టణములోనైనచో ఇండ్లును దృశ్యములోని పొరపాట్లను కప్పివేయును. ఎడారిలో కప్పునది ఏమియు లేదు. కావున భూదృశ్యము తయారుచేయువారికి ఎడారియే కఠినమైన పరీక్ష.

మొదట దీని పరిమాణమును గమనింపవలెను. ఈ ఉపకరణము భూమిని అక్షాంశ రేఖాంశముల ననుసరించి ఒక్కొక్క డిగ్రీ గల ముక్కలుగా కోయును. మాన్యుమెంట్ వాలీ యున్న అక్షాంశమున అట్టి ముక్క ఉత్తర దక్షిణములుగా 111 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా సుమారు 89 కిలోమీటర్లు. సాధారణముగా వాడు 16వ స్థాయి చిత్రములో ఒక్కొక్క చుక్క నేలమీద 1.9 మీటర్ల చదరమునకు సమానము. లెక్క వేసినచో ముక్క యొక్కటికి సుమారు 270 కోట్ల చుక్కలు తేలును. వానిని కుదించి భద్రపరచినను దాదాపు 1.8 గిగాబైట్ల స్థలము పట్టును. స్థాయి నొక్కటి పెంచి 17 చేసినచో చుక్క పొడవు వెడల్పులు రెండును సగమగును. కావలసిన స్థలము నాలుగు రెట్లగును.

ఇచట మరియొక చిక్కు కలదు. రెండు రాష్ట్రముల సరిహద్దు సరిగా 37వ అక్షాంశరేఖమీద నున్నది. ముక్కలు కోయబడునదియు ఆ రేఖమీదనే. చిన్న విమానములు దిగు రన్‌వే రేఖకు ఉత్తరమున యూటాలోను, చేతితొడుగుల ఆకారమున నుండుటచే మిట్టెన్లని పేరుపొందిన గుట్టలు దక్షిణమున అరిజోనాలోను ఉన్నవి. కావున ఒక ముక్కను మాత్రమే తయారుచేసికొన్నవారు అసలైన లోయలో ఎగిరి పాత ఎడారిలోనికి పోవుదురు. రెండు ముక్కలును తయారుచేసినను, వాని చిత్రములు వేరువేరు దినములలో తీసినవైనచో నేల రంగు రేఖ కిరువైపుల వేరుగా కనబడును. చెట్లులేని నేలపై ఆ అతుకు దూరమునుండియే తెలియును.

ఇక గుణములు. ఈ దృశ్యములో ఏ వస్తువు ఎచట నుండవలెనో అచటనే యుండును. లోయలో గుట్టల నడుమ తిరుగు 17 మైళ్ల మట్టిబాట, ఎండిన వాగుల జాడలు, వాన వచ్చినప్పుడు నీరు పారిన చారలు అన్నియు తమతమ స్థానములలో ఉన్నవి. నేలకు 1,000 మీటర్ల పైన ఎగురుచు, పటమును ఒడిలో పెట్టుకొని, ఒక గుట్టనుండి మరియొక గుట్టకు దారి కనుగొనుట దీనితో చక్కగా అభ్యసింపవచ్చును. నమూనా చిత్రము పరచిన పాత దృశ్యములో ఇది సాధ్యము కాదు. ఎడారి యనగా అంతటను ఒకే తీరుగా నుండు నేల యను భ్రమను పోగొట్టుటకు ఈ ఒక్క గుణము చాలును.

విమానమును క్రిందికి దింపినకొలది లోపములు బయటపడును. వానిలో ముఖ్యమైనది గోడలకు సంబంధించినది. మాన్యుమెంట్ వాలీ పాఠమంతయు గోడలమీదనే వ్రాయబడియున్నది. పాదమున మెత్తని షేలు పొర ఏటవాలుగా అరిగిపోయినది. దానిపై డి షే యను ఇసుకరాయి నిలువుగోడగా నిలిచినది. కొన్ని శిఖరములమీద షినరంప్ అను గట్టిపొర గొడుగువలె క్రింది రాతిని కాపాడుచున్నది. ఇనుప ఆక్సైడు వలన ఎఱుపును, మాంగనీసు ఆక్సైడు వలన నల్లని చారలును ఏర్పడినవి. కాని పైనుండి తీసిన చిత్రము గుట్ట నెత్తిని చూచును, చుట్టునున్న నేలను చూచును, గోడను చూడజాలదు.

ఎత్తుల నమూనా సంగతియు ఇట్టిదే. ఇట్టి నమూనాలకు విరివిగా వాడు కొలతలు 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 11 దినములు భూమిచుట్టు తిరుగుచు తీసినవి. నౌకలో ఒక రాడార్ ఆంటెన్నా, బయటకు చాచిన 60 మీటర్ల దూలము కొసన మరియొక ఆంటెన్నా ఉండెను. రెండింటికిని అందిన ప్రతిధ్వనుల భేదమునుబట్టి నేల యెత్తును లెక్కించిరి. ఇట్లు సుమారు 30 మీటర్ల కొక ఎత్తు లభించినది. భూమిమీది నేలలో చాలభాగమును ఒకే విధముగా కొలిచిన గొప్ప కార్యమిది. అయినను 30 మీటర్ల కొక కొలతతో నిలువుగోడను గీయుట ఎట్లు?

120 మీటర్ల నిలువుగోడ యొకటి ఉన్నదనుకొందము. పై బిందువునకును క్రింది బిందువునకును నడుమ అడ్డదూరము 30 మీటర్లు. రెండింటిని కలిపినచో 90 డిగ్రీల గోడ 76 డిగ్రీల వాలుగా మారును. ఆ వాలు పొడవు సుమారు 124 మీటర్లు. దానిమీద కప్పుటకు చిత్రములో దొరకునవి 30 మీటర్ల వెడల్పులోని పదునారు చుక్కలు మాత్రమే. ఒక్కొక్క చుక్క దాదాపు 8 మీటర్లు సాగదీయబడును. రాతిపొరలుండవలసిన చోట పైనుండి క్రిందికి కారిన రంగుచారలు కనబడుట కిదియే కారణము. చూచువారు వానిని రాతిచారలని పొరబడవచ్చును.

సన్నని స్తంభముల గతి ఇంకను కష్టము. ఈ లోయలో టోటెమ్ పోల్ అను రాతికంబము 100 మీటర్లకు మించిన ఎత్తు గలది. దాని మందము కొలతబిందువుల నడుమ దూరముకన్న తక్కువ. అట్టిది రెండు బిందువుల నడుమ పడినచో లేకుండపోవును; బిందువుమీద పడినచో మెట్టగా మారును. ఒక వస్తువు రూపము తెలియవలెనన్నచో దాని వెడల్పులో కనీసము రెండు మూడు కొలతలైనను పడవలెనను సూత్రమునకు ఇంతకన్న మంచి ఉదాహరణము దొరకదు. అమెరికా భూగర్భ సర్వే వారి 10 మీటర్ల కొలతలను వాడినచో గుట్టలు చాలవరకు బాగుపడును. కంబములకు మాత్రము అదియు చాలదు. వానిని విడిగా బొమ్మలుగా మలచి నిలుపవలసినదే.

రెండవ లోపము నీడలది. భూమిని ఫొటోలు తీయు ఉపగ్రహములు చాలవరకు స్థానిక కాలమున ఉదయము పదిన్నర ప్రాంతమున ఒక చోటిపై దాటిపోవును. అప్పుడు సూర్యుడు ఆగ్నేయమున నుండును. గుట్టల నీడలు వాయవ్యమునకు పడును. ఆ నీడ చిత్రములో కలసిపోయి నేలరంగుగా నిలిచిపోవును. సిమ్యులేటరులో సాయంకాలము ఐదు గంటలు పెట్టి ఎగిరినచో, యంత్రము పడమటి సూర్యుని లెక్కించి గుట్టల తూర్పు ముఖములను చీకటి చేయును. వాయవ్యమున ఉదయపు నీడ అట్లే యుండును. ఒక సూర్యునికి రెండు నీడలు! ఎండపడవలసిన నేలమీద నల్లని మచ్చ కనబడగా దానిని గుంట యని యనుకొనుట సహజము.

ఈ లోపమును పాఠముగా మార్చుకొనవచ్చును. చిత్రములో 300 మీటర్ల గుట్ట నీడ 158 చుక్కల పొడవున్నదనుకొన్నచో, నీడ పొడవు 300 మీటర్లు. ఎత్తును నీడతో భాగించినచో 1 వచ్చును. టాంజెంటు విలువ 1 గల కోణము 45 డిగ్రీలు. ఆ సమయమున సూర్యుని ఉన్నతి అదియే. నీడ దిక్కును కూడ కొలిచినచో చిత్రము తీసిన వేళ, ఋతువు ఊహింపవచ్చును. ఆ వేళనే సిమ్యులేటరు గడియారములో పెట్టినచో రెండు నీడలును ఒకటగును. ఈ దృశ్యమునకు ఇంతకన్న సులభమైన మరమ్మతు లేదు.

మూడవ విషయము అన్నిటికన్న ముఖ్యము. విమానము నడపువారు నేలమీది పరిచిత వస్తువుల పరిమాణమును చూచి తమ ఎత్తును అంచనా వేయుదురు. గుర్తులు లేని నేలమీద ఈ అంచనా తప్పును. ఉన్నదానికన్న ఎత్తుగా నున్నట్లు తోచి, దిగునప్పుడు విమానమును మరింత క్రిందికి దింపుదురు. ఇది వైమానిక శిక్షణలో హెచ్చరించు దృష్టిభ్రమ. నిజమైన మాన్యుమెంట్ వాలీలో పొదలు, రాళ్లు, బాటలు కొంత సహాయము చేయును. తెరమీది లోయలో 60 మీటర్ల ఎత్తునుండి క్రిందికి చూచినచో, 1.9 మీటర్ల చుక్క 1.8 డిగ్రీల కోణమును ఆక్రమించును. అనగా చంద్రబింబమునకు మూడురెట్లకు పైన. పొద యొక మరక, రాయి యొక మరక, ఇంటికప్పు సయితము నేలకు పూసిన రంగు. సరిగా దిగవలసిన సమయముననే కంటికి ఆధారము తప్పిపోవును.

ఇచటి రన్‌వే సుమారు 4,000 అడుగుల పొడవు గలది. సముద్రమట్టమునకు 5,200 అడుగుల ఎత్తున నున్నది. దాని దక్షిణపు కొన ఎదుట పెద్దగుట్ట ఉండుటచే దక్షిణముగా దిగుటయు, ఉత్తరముగా ఎగురుటయు వాడుక. 35 డిగ్రీల ఎండలో అచటి గాలి పలుచనై, ప్రామాణిక వాతావరణమున 8,800 అడుగుల ఎత్తున నుండు గాలితో సమానమగును. విమానము లేచుటకు ఎక్కువ దూరము పట్టును. ఈ వేడిని సిమ్యులేటరు వాతావరణపు అమరికలో విడిగా పెట్టవలెను. ఛాయాచిత్రము దానిని తేజాలదు. ఎడారి బొమ్మ వేసికొని చల్లని గాలిలో ఎగురుట సగము ఎడారిని చూచుటయే.

ఇంకొక లోటును చెప్పవలసియున్నది. మాన్యుమెంట్ వాలీ నవహో జాతివారి భూమి. 1958లో వారు దీనిని తమ జాతి ఉద్యానవనముగా ఏర్పరచిరి. నేటికిని అచట కుటుంబములు నివసించుచున్నవి. వారి ఇండ్లు, హోగన్లను సాంప్రదాయిక గృహములు, గొఱ్ఱెలదొడ్లు నేలకు అంటిన రంగులుగా మాత్రమే ఈ దృశ్యములో మిగిలినవి. చిత్రము అబద్ధమాడలేదు; కాని మనుష్యులున్న చోటును మనుష్యులు లేని చోటుగా కనబరచినది. భూగోళ పాఠమునకు దీనిని వాడు ఉపాధ్యాయుడు ఈ మాటను తప్పక చెప్పవలెను.

మొత్తముమీద ఈ దృశ్యము పటముగా మంచిది, ప్రతిమగా కొరతగలది. నేలకు 1,000 మీటర్ల పైన, ఉదయము పదిన్నర వేళ, రెండు ముక్కలును తయారుచేసికొని ఎగురువారికి ఇది నిజముగా ఆనందము కలిగించును. లోయ మధ్యభాగమునకు మాత్రము 17వ స్థాయి చిత్రమును, 10 మీటర్ల ఎత్తులను వాడినచో స్థలము వృథాకాక లాభము కలుగును. గోడల ప్రక్కగా ఎగిరి రాతిపొరలను చదువ గోరువారికి, క్రిందికి దిగుట నేర్చుకొన గోరువారికి ఇది తగదు.

కంప్యూటరు లేని పాఠశాలలలో కూడ ఈ పరీక్షను చేయవచ్చును. గ్రాఫు కాగితముమీద నిలువుగోడలు గల గుట్ట నొకదానిని గీయించి, మూడు గడుల కొక ఎత్తు చొప్పున మాత్రమే కొలిపించి, ఆ బిందువులను మరియొక కాగితముమీద కలుపుమనవలెను. రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి, ఏది మిగిలినదో, ఏది పోయినదో విద్యార్థులచేతనే చెప్పించవలెను. అటుపిమ్మట తెరమీద ఏ కొండను చూచినను, ఇది ఎన్ని మీటర్ల కొకసారి కొలిచినదని వారు అడుగుదురు.