స్పినెల్ రేణువు నడిమధ్య

ఒమన్‌లోని మస్కట్, మత్రా వీధుల వెనక నిలబడే ముదురు గోధుమరంగు గుట్టలు పెరిడొటైట్. ఒకప్పుడు సముద్రం అడుగున, ఇంకా లోతున మాంటిల్‌లో ఉన్న రాయి. అక్కడ ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లు రోజూ వాటి పక్కనుంచే వెళ్తుంటారు. సముద్రపు నేల, దాని కింది మాంటిల్‌తో సహా ఖండం అంచు మీదికి ఎక్కి కూర్చుంటే ఆ రాళ్ల వరసని ఓఫియోలైట్ అంటాం. ఒమన్‌ది సుమారు 9.6 కోట్ల ఏళ్లనాటిది. అది పుట్టింది రెండు పలకలు విడిపోయే చోటా, ఒకటి ఇంకోదాని కిందికి దూరే చోటా? సైప్రస్‌లోని ట్రూడోస్ ఓఫియోలైట్ ద్వీపచాపంలో, అంటే పలక కిందికి దూరే చోట, పుట్టి ఉండొచ్చని 1973లో మియాషిరో రాసినప్పుడు మొదలైన వాదన ఇప్పటికీ చల్లారలేదు.

నేను జవాబు వెతికేది క్రోమ్ స్పినెల్ అనే ఖనిజంలో. పెరిడొటైట్‌లో అధికభాగం ఆలివిన్. నీరు తగిలితే అది సర్పెంటైన్‌గా మారిపోతుంది. నూటికి ఒకటి రెండు పాళ్లుండే స్పినెల్ మాత్రం చాలావరకు నిలుస్తుంది. మాంటిల్ కరిగినప్పుడు అల్యూమినియం ద్రవంతో వెళ్లిపోతుంది, క్రోమియం వెనకే ఉండిపోతుంది. అందుకని ఈ రెండింటిలో క్రోమియం వాటా ఎంతో లెక్కిస్తాం. పలకలు విడిపోయే సముద్రమధ్య గట్ల దగ్గరి పెరిడొటైట్లలో అది 0.6 దాటదని 1984లో డిక్, బుల్లెన్ చూపించారు. కిందికి దూరే పలక నీటిని వదులుతుంది, నీరుంటే రాయి ఎక్కువగా కరుగుతుంది, వాటా ఆ గీత దాటగలదు.

చెప్పడానికి ఇంతే. కష్టమంతా విశ్లేషణకి పాయింట్ ఎక్కడ పెట్టాలన్న దగ్గరే. 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసిన రాతి ముక్కలో స్పినెల్ రంగు ముందే కొంత చెబుతుంది: అల్యూమినియం ఎక్కువైతే తేనెరంగు, క్రోమియం పెరిగేకొద్దీ ఎరుపు తిరిగిన గోధుమ, ఆపైన దాదాపు నలుపు. ఎలక్ట్రాన్ కిరణంతో రసాయన విశ్లేషణ చేసే మైక్రోప్రోబ్ తెరమీద అదే రేణువు బూడిదరంగులో కనిపిస్తుంది. అంచు చుట్టూ, పగుళ్ల వెంట తెల్లటి చార. సర్పెంటైన్ ఏర్పడ్డాక ఇనుము చేరి మారిపోయిన భాగమది. అక్కడ అల్యూమినియం పోయి ఉంటుంది కాబట్టి క్రోమియం వాటా ఉన్నట్టుండి పెరుగుతుంది. మైక్రాన్ వెడల్పు కిరణాన్ని ఆ చారమీద పెడితే గట్టు దగ్గర పుట్టిన రాయి ద్వీపచాపం రాయిగా తేలుతుంది. పక్కనే ఆలివిన్ అనుకున్నచోట ఆక్సైడ్ల మొత్తం 100కి బదులు 87 దగ్గర ఆగితే అది సర్పెంటైనే, మిగతాది నీరు. అలాంటి పాయింట్ వదిలేసి ఇంకో రేణువు వెతకాలి, ఎంత టైమ్ పట్టినా సరే.

సరైన అంకె వచ్చినా తీర్పు రాదు. ఒమన్ హార్జ్‌బర్గైట్లలో, అంటే కరిగాక మిగిలిన పెరిడొటైట్లలో, చాలావాటి వాటా 0.5, 0.6 మధ్యే ఉంటుంది, రెండు వాదాలకీ సరిపోతుంది. దాదాపు అంతా ఆలివినే అయిన డ్యూనైట్‌లోని స్పినెల్ అయితే తన రాయి సంగతి కన్నా ఆ దారిన పోయిన ద్రవం సంగతే ఎక్కువ చెబుతుంది. నన్ను సబ్డక్షన్ (పలక కిందికి దూరడం) వైపు మొగ్గేలా చేసింది అసలు మాంటిల్ కాదు, దాని అడుగున అంటుకున్న రూపాంతర శిల. దాని వయసూ పైనున్న పెంకు వయసూ దాదాపు ఒకటే. అంటే కొత్త నేల ఏర్పడుతున్నప్పుడే కింద ఇంకో పలక దూరుతోంది.

పరిశోధన పత్రాల చివర వందల విశ్లేషణల పట్టికలుంటాయి, ఒక్కోదాని పక్కన ‘కోర్’, ‘రిమ్’ అన్న మాట ఉంటుంది. పాయింట్ పెట్టిన రేణువు ఫొటో కూడా జతచేయడం తప్పనిసరి చేయాలని నా కోరిక. 0.62 అని చదివినప్పుడు అది నడిమధ్యదో, చార పక్కదో నా కళ్లతో నేను చూసుకోవాలి.