గోడకెక్కించే చేతులు

మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఒక చిత్రకారుడి సోలో ప్రదర్శన మొదలైతే పూలగుత్తులు, ఫొటోలు ఆయనకే. న్యాయమే. ఆ బొమ్మలను గోడకెక్కించినవాళ్ల పనితనం మాత్రం ఎవరి కంటా పడదు.

చిత్రం నడిభాగం నేల నుంచి సుమారు 57 అంగుళాల ఎత్తున, చూసేవాళ్ల కంటికి ఎదురుగా ఉండాలన్నది చాలా గ్యాలరీల లెక్క. టేపుతో కొలుస్తారు, పెన్సిలుతో చుక్క పెడతారు, రసమట్టం ఆనించి గాలిబుడగ రెండు గీతల మధ్య నిలిచేదాకా ఫ్రేము సర్దుతారు. ఎంత ఓపిక!

శిల్పాలైతే మరీ కష్టం. శిల్పి రవీందర్ రెడ్డి చేసే భారీ ఫైబర్‌గ్లాస్ స్త్రీ శిరస్సులను తరలించేటప్పుడు బంగారు పూత మీద వేలిముద్ర కూడా పడకూడదు.

కేటలాగులో ఈ పనివాళ్ల పేర్లూ అచ్చు వేయాలి. నిర్వాహకులారా, వచ్చే ప్రదర్శన నుంచే మొదలుపెట్టండి.