నాయిన దుబాయ్‌ల ఉన్నడా?

మొన్న ఎల్లారెడ్డి దగ్గరి ఒక ఊళ్లో, ప్రాథమిక పాఠశాల పిల్లల మధ్య చాప మీద కూర్చున్నాను. టీచరమ్మ ఫోన్లో ఒక అమెరికా పుస్తకం బొమ్మలు చూపిస్తోంది. లెస్లియా న్యూమన్ రాసిన 'హెదర్ హాజ్ టూ మమ్మీస్', 1989 నాటిది. బొమ్మలో ఇద్దరు ఆడవాళ్లు, వాళ్ల పాప, ఒక కుక్క, ఒక పిల్లి. "ఈ ఇంట్ల ఎవరెవరున్నరు?" అని అడిగింది. మూడో తరగతి పిల్ల తడుముకోకుండా చెప్పింది: "అమ్మ, చిన్నమ్మ, పాప." మళ్లీ తనే, "నాయిన దుబాయ్‌ల ఉన్నడా టీచర్?" అంది. వెనక నుంచి ఒక పిలగాడు, "మస్కట్‌ల గూడ ఉండొచ్చు" అన్నాడు. నవ్వింది నేనూ టీచరమ్మే. పిల్లలకు అందులో నవ్వే సంగతేమీ కనబడలేదు.

ఎందుకు కనబడుతుంది? నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల్లో గల్ఫ్ పోని వాడకట్టు వెతికినా దొరకదు. తండ్రి వీడియో కాల్‌లో ఉంటాడు. ఇల్లు నడిపేది బీడీల చాట ముందు కూర్చున్న అమ్మ, నాయినమ్మ, ఒక్కోసారి మొగుడు కువైట్ పోతే పుట్టింటికొచ్చిన చిన్నమ్మ. అయినా కుర్చీలో పేపరు చదివే నాన్న, పొయ్యి దగ్గర అమ్మ, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఉన్న బొమ్మ చూపించి 'మన కుటుంబం' అని ఏళ్లకేళ్లు చదివించాం. ఇది ఎవరి కుటుంబం సార్ అని ఒక్కడూ అడగలేదు. పాఠ్యపుస్తకాన్ని అట్లా అడగకూడదని మన పిల్లలకు ఒకటో తరగతిలోనే తెలిసిపోతుంది.

నేనక్కడికి ఎందుకు పోయానో చెప్పాలి. సమగ్ర శిక్షా కింద ప్రాథమిక పాఠశాల గ్రంథాలయానికి ఏటా 5 వేల రూపాయల దాకా ఇస్తారు. "పైసలు వచ్చినయి సార్, పుస్తకాలు ఏరుదాం రండి" అని టీచరమ్మ పిలిచింది. పోగానే ఒక పట్టిక చేతిలో పెట్టింది. తరగతి గదిలో ఉండాల్సిన ఎల్‌జీబీటీక్యూ బొమ్మల పుస్తకాలట. ఎవరో ఎవరికో పంపితే వాట్సాప్‌లో తిరిగి తిరిగి ఆమెదాకా వచ్చింది. చూడగానే నాకు చిరాకేసింది. దాదాపు అన్నీ ఇంగ్లీషువి, సగానికి పైగా అమెరికావి, ధరలు డాలర్లలో. ఇద్దరు నాన్నలు పాపను పార్కుకు తీసుకుపోతుంటారు, ఇద్దరు రాకుమారులు పెళ్లి చేసుకుంటారు. ఇవన్నీ మంచివే కావచ్చు. కానీ 5 వేలతో, తెలుగే ఇంకా కూడబలుక్కుంటున్న పిల్లలకు?

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పగలు తెలుసు. ఒకటి, తాళం వేసిన లైబ్రరీ బీరువా. రెండోది, కథ చివర లావు అక్షరాల్లో అచ్చేసే 'నీతి'. పిల్లలకేదో నేర్పాలని కంకణం కట్టుకుని పుట్టిన పుస్తకం పుట్టుకతోనే ముసలిదవుతుందని నేను రాస్తూ వచ్చాను. టీచరమ్మకూ అదే చెప్పాను. "ఈ పట్టికంతా నీతి పుస్తకాలేనమ్మా, నీతి మారింది గాని అచ్చు మారలేదు. మనకివి కొత్తగా ఎవరో చెప్పాలా? బృహన్నల లేడా? విరటుడి కొలువులో ఉత్తరకు ఆట నేర్పిన గురువు. 1963లో 'నర్తనశాల'లో ఎన్టీఆర్ ఆ వేషం కడితే ఊళ్లకు ఊళ్లు బండ్లు కట్టుకుని పోయి చూశాయి. శిఖండి లేడా? స్థానం నరసింహారావు సత్యభామగా నిలబడితే ఎట్ల నడవాలో ఆడవాళ్లే ఆయన్ను చూసి నేర్చుకున్నారనేవాళ్లు." ఆ ఊపులోనే మా ఊరి సీతమ్మ కథ ఎత్తుకున్నాను.

నా చిన్నతనంలో మా ఊళ్లో చిరుతల రామాయణం ఆడేవాళ్లు. కోతలయ్యాక పంతులొకాయన వచ్చి నెలల తరబడి నేర్పేవాడు. రాత్రి బువ్వలు తిన్నాక గ్యాసులైటు వెలుగులో చిరుతల చప్పుడు మొదలయ్యేది. ఆడ వేషాలన్నీ మగవాళ్లవే. ఒక ఏడాది సీత వేషం మా వాడకట్టు పిలగాడికిచ్చారు. బట్టలు కుట్టే షాపులో గుండీలు కుట్టేవాడు, నాకంటే అయిదారేళ్లు పెద్ద. ఆట రోజు పొద్దుగూకక ముందే మా ఇంటికొచ్చి అమ్మ పెళ్లినాటి పట్టుచీర అడిగి తీసుకున్నాడు. పటేలు గారింటి నుంచి వడ్డాణం, కోమట్లింటి నుంచి ముక్కుపుడక. ముఖానికి ముర్దార్‌సింగి పూసి, సవరం పెట్టి, కాటుక దిద్దుతుంటే పిల్లలం ఆ గది కిటికీ వదల్లేదు. కుచ్చిళ్లు పెట్టడానికి మా మేనత్త పోతే, "అట్ల గాదు అక్కా, ఇట్ల" అని ఆమెకే దిద్ది చూపించాడు.

అగ్నిప్రవేశం నాడు ముసలమ్మలు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. చదివింపులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రూపాయి నోట్లు సీత పైటకు పిన్నీసులతో గుచ్చారు. కొబ్బరికాయ కొట్టి కాళ్లు మొక్కినవాళ్లూ ఉన్నారు.

"చూశావా టీచరమ్మా, ఏ బొమ్మల పుస్తకం లేకుండానే ఊరంతా ఒక మగపిల్లాడి కాళ్లు మొక్కింది" అని ముగించబోయాను. ఆమె తలూపుతూ విని, "తర్వాత ఏం చేసిండు సార్ ఆయన?" అని అడిగింది.

తర్వాత సంగతి నాకు తెలుసు, కథలో భాగంగా ఎప్పుడూ చెప్పలేదంతే. పట్టాభిషేకం అయిన మర్నాడు రాముడు నాగలి కట్టాడు. రావణుడు కిరాణా కొట్టు తెరిచాడు. సీత మాత్రం కాటుక కడుక్కోలేదు. రోజులు గడిచినా చేతులకు గాజులు అట్లాగే ఉన్నాయి. షాపులో గుండీలు కుడుతుంటే గలగలమనేవి. పొద్దున పూట వాటిని చూసి ఊరు ఓర్వలేదు. పైటకు నోట్లు గుచ్చినవాళ్లే అనరాని మాటలన్నారు. వాళ్ల అన్న నడిబజారులో గాజులు పగలగొట్టాడు. షాపాయన రావద్దన్నాడు. పిల్లలం కూడా వెంటపడి 'సీతమ్మో' అని అరిచాం, పిల్లలు పెద్దల నోటితోనే మాట్లాడతారు గదా. ఒకరోజు నిజామాబాద్ బస్సెక్కాడు. భీవండిలో ఉన్నాడని కొన్నాళ్లు, బొంబాయిలో ఉన్నాడని కొన్నాళ్లు అనుకున్నారు, ఆ తర్వాత అనుకోవడం కూడా మానేశారు.

ఇప్పుడు నా బృహన్నలను మళ్లీ చూస్తే ఆయన చేతిలో ఏడాది గడువు కనబడుతోంది. ఊర్వశి శాపం అజ్ఞాతవాసానికి అక్కరకొచ్చింది, గోగ్రహణం కాగానే గాండీవం పట్టాడు, మనం ఊపిరి పీల్చుకున్నాం. స్త్రీ వేషానికి తెల్లవారే దాకానే అనుమతి. ఎల్లమ్మ పేర చీర కట్టి జాతరలో చిందేసే శివసత్తికీ అంతే. పసుపు బండారి ఉన్నంతసేపు దండం పెడతాం, మర్నాడు అదే మనిషి కిరాయికి ఇల్లడిగితే తలుపు వేస్తాం.

చట్టం కూడా ఇట్లాగే నడిచింది. నిజాంసాగర్ కట్ట పని 1923లో మొదలైంది. దానికంటే నాలుగేళ్ల ముందే, 1329 ఫస్లీలో, హైదరాబాద్ రాజ్యం హిజ్రాల మీద ఒక చట్టం చేసింది. వాళ్ల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి. అట్లా ఎక్కినవాళ్లు ఆడబట్టలు, నగలు వేసుకుని నలుగురిలో కనబడినా, పాడినా, ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. నాటకంలో సీతకు నజరానా, బజారులో అదే చీరకు జైలు. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, చట్టం మాత్రం పుస్తకాల్లో అట్లాగే ఉండిపోయింది. ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి, ఆమె తోటివాళ్లు కోర్టుకు పోతే 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్ల హక్కులను గుర్తించిన సుప్రీంకోర్టు నల్సా తీర్పు 2014లోనే వచ్చింది, స్వలింగ సంబంధాలను నేరమన్న 377 సెక్షను సంగతి 2018లో తేలింది. మన దగ్గర ఆ పాత కాగితం చిరగడానికి ఇంకా అయిదేళ్లు పట్టింది.

కాబట్టి టీచరమ్మ పట్టికను రెండోసారి చదివాను, ఈసారి కళ్లద్దాలు తుడుచుకుని. చిరాకు పూర్తిగా పోలేదు, అమెరికావి చాలావరకు కొట్టేశాను. బొమ్మల పుస్తకం ఏరడానికి నాదో పద్ధతి ఉంది. మొదటి పేజీ, చివరి పేజీ చూడను. నడిమి పేజీ తీసి, అక్షరాలను అరచేత్తో మూసి, ఎవరూ తిట్టనప్పుడు ఆ పిల్లో పిలగాడో ఏం చేస్తున్నారో చూస్తాను. ఏడవడం తప్ప వేరే పని లేకపోతే పక్కన పెడతాను. అట్లాంటి పుస్తకం జాలి నేర్పుతుంది. జాలిపడి చూసే పిల్లల మధ్య కూర్చోవడం కంటే వెక్కిరించే వాళ్ల మధ్య కూర్చోవడమే నయమని బడిలో నలిగిన ఎవరినడిగినా చెబుతారు.

ఈ పరీక్షలో నెగ్గింది కనక్ శశి 'గుఠ్లీ హాజ్ వింగ్స్'. చెన్నై తులికా వాళ్లు 2019లో వేశారు. గుఠ్లీ సైకిలు మీద ఎగిరినట్టు తిరుగుతుంది, దేవకన్యల బొమ్మలు గీస్తుంది. పండుగనాడు అక్క గౌను తొడుక్కుంటే ఇంట్లోవాళ్లు, నువ్వు మగపిల్లాడివి అంటారు. నేను ఆడపిల్లనైతే అట్లా ఎందుకంటారని గుఠ్లీ అడుగుతుంది. రెక్కలు తెగినట్టు ముడుచుకుపోతుంది. చివరికి అమ్మే గౌను తెచ్చిస్తుంది. శాపమూ లేదు, ఏడాది గడువూ లేదు, పొద్దున లేచి గౌను వేసుకుని సైకిలెక్కడమే. ఇదీ పని పెట్టుకుని పుట్టిన పుస్తకమే, నేను కాదనను. ఆమాటకొస్తే హైదరాబాద్ అన్వేషి పరిశోధన సంస్థ వాళ్లు 2008లో తెచ్చిన 'డిఫరెంట్ టేల్స్' పిల్లల కథలు కూడా పని పెట్టుకుని పుట్టినవే. బడి పుస్తకాల్లోకి రాని ఇళ్లను పిల్లల ముందుకు తేవాలనే వేశారు. గోగు శ్యామల తాటకి కథలో నాకు నీతి వాసన ఎక్కడా తగల్లేదు. నా రెండో పగ ఇంతకాలం ఎట్లా బతికిందో మరి.

గుఠ్లీని టీచరమ్మ మర్నాడే పిల్లలకు చదివి వినిపించింది, తెలుగులో చిన్న చిన్న ముక్కలు రాసి ఇంగ్లీషు కింద అంటించి. బొమ్మలు రంగుకాగితాలు కత్తిరించి పేర్చినట్టుంటాయి, చాప చివర కూర్చున్నవాళ్లకూ ఆనతాయి. నేను ఎదురుచూసిన ప్రశ్న ఒక్కటీ రాలేదు. "అక్క గౌను చినిగిందా?" "అక్క కొట్టలేదా?" "గా సైకిల్ ఎంతకు కొన్నరు?" కొంతసేపయ్యాక ఒకడు, "హైదరాబాద్‌ల సిగ్నల్ కాడ పోలీసుల లెక్క నిలబడ్తరు గదా, టీవీల చూపెట్టిన్రు, గట్లనా?" అన్నాడు. 2024 డిసెంబరులో ట్రాఫిక్ విధుల్లో చేరిన 39 మంది ట్రాన్స్‌జెండర్ల గురించి వాడనేది. "అవును, డాక్టర్లు గూడ ఉన్నరు" అని టీచరమ్మ ఉస్మానియా ఆస్పత్రిలో 2022లో చేరిన ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ పేర్లు చెప్పింది. అంతే, గంట కొట్టారు. చదివాక ప్రశ్నలడగవద్దని నేనే చెప్పాను, 'ఈ కథ వల్ల ఏం తెలుసుకున్నారు' అంటే మళ్లీ లావు అక్షరాలే.

హెడ్మాస్టరు గారి భయం వేరు. "రేపెవరన్న అడిగితే ఏం చెప్పాలె సార్?" ఆయన భయం ఉత్తది కాదు. ట్రాన్స్‌జెండర్ పిల్లల గురించి టీచర్ల శిక్షణకు ఎన్‌సీఈఆర్‌టీ 2021లో ఒక పుస్తకం తెస్తే, జాతీయ బాలల హక్కుల కమిషన్ అభ్యంతరం చెప్పగానే కొద్దిరోజుల్లో వెబ్‌సైట్ నుంచి మాయమైంది. అంత పెద్ద సంస్థే వెనక్కి తగ్గాక ఎల్లారెడ్డి హెడ్మాస్టరును ఏమనగలం? అమెరికాలోనూ గొడవే. మనవాళ్లు చాలామంది ఉండే మేరీలాండ్‌లో, మాంట్‌గోమరీ కౌంటీ బడుల్లోని ఇట్లాంటి బొమ్మల పుస్తకాల మీదే తల్లిదండ్రులు కేసు వేశారు. చదివే ముందు మాకు చెప్పాలి, వద్దంటే మా పిల్లల్ని బయటికి పంపాలి అన్నారు. 2025 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు 6–3తో ఆ తల్లిదండ్రుల వైపే మొగ్గింది. ఆ వాదన నాకు అర్థం కానిది కాదు, పిల్లవాడి మీద తల్లికి లేని హక్కు నాకెక్కడిది? కానీ మా ఊరి సీతమ్మకు కూడా ఒక తల్లి ఉంది. గాజులు పగిలిన రోజు ఆమె గడప దాటి రాలేదు. ఆమెకు ఏం చేయాలో తెలియలేదని, చేసిన తల్లిని ఎక్కడా చూడలేదని నేననుకుంటాను. గుఠ్లీ తల్లి గౌను తెచ్చిచ్చే పేజీ పిల్లల కంటే పెద్దలకే ఎక్కువ పనికొస్తుంది. తల్లిదండ్రుల సమావేశం నాడు దాన్ని బల్ల మీద తెరిచి పెట్టమన్నాను. దాచిపెడితేనే అనుమానాలు. హెడ్మాస్టరు గారు ఇంకా సరేననలేదు.

మొత్తానికి గుఠ్లీ రెండు ప్రతులు, రిచా ఝా రాసిన 'ది అన్‌బాయ్ బాయ్' ఒకటి రాసుకున్నాం. మిగిలిన డబ్బంతా తెలుగు పుస్తకాలకే, కాకులకు, ఏనుగులకు, దయ్యాలకు. వేరే అర పెట్టొద్దు, ఏనుగుల పక్కనే ఉండనివ్వమన్నాను. ఒక్క పుస్తకం దగ్గర మాత్రం మాకు కుదరలేదు. అమేయ నార్వన్‌కర్ 'రీతూ వెడ్స్ చాందినీ', 2020లో అమెరికాలో అచ్చయింది. ఇద్దరమ్మాయిల పెళ్లి. పెళ్లికూతురే గుర్రమెక్కి బరాత్‌తో పోతుంటే కొందరు ఆపాలని చూస్తారు, చిన్నపిల్ల ఆయేషా ఆట మొదలుపెడుతుంది. ధర ఎక్కువని నేను కొట్టేశాను. టీచరమ్మ తన జీతంలోంచి కొంటానంటోంది. డీజే పెట్టనిదే పెళ్లి జరగని ఊళ్లో ముందుగా చిరిగేది ఆ బరాత్ పేజీయేనని నేను పందెం కాశాను. ఆమె గుర్రం పేజీ అంటోంది.