రాతి లోపలి ఒత్తిడి

చమురు, సహజ వాయువు ఇంజనీరింగ్‌లో నాలుగేళ్ల బీటెక్ గురించి తెలుగు ఇళ్లలో సాగే చర్చ సాధారణంగా సీటు ఏ ర్యాంకుకు వస్తుంది, ఉద్యోగంలో జీతం ఎంత ఉంటుంది అన్న రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోతుంది గానీ, ఆ నాలుగేళ్లలో విద్యార్థి నిజంగా నేర్చుకోవలసింది ఏమిటన్న మూడో ప్రశ్న దాకా అరుదుగా వెళుతుంది. భూమికి మూడు నాలుగు కిలోమీటర్ల లోతున, ఏ కన్నూ చూడని రాతిలో ఏముందో, అది ఎంత ఒత్తిడిలో ఉందో, దాన్ని పైకి తేవాలంటే బావిని ఎలా తవ్వాలో లెక్కగట్టి చెప్పడం, ఆ లెక్క తప్పితే పైన ఉన్న ఊరికి ఏమవుతుందో ముందే ఊహించగలగడం ఈ విద్యకు ప్రాణం. ఆంధ్ర తీరంలో పుట్టిన విద్యార్థికి ఆ నేర్పు అమెరికా పాఠ్యపుస్తకాల్లోని టెక్సస్ ఉదాహరణల కంటే తన కాళ్ల కింది నేల నుంచి మొదలైతేనే బాగా పట్టుబడుతుందన్నది ఈ వ్యాసం వాదన.

ఆ నేలను చూడటానికి అనకాపల్లి జిల్లా ఎస్. రాయవరం మంచి చోటు. సర్వసిద్ధి రాయవరంగా పిలిచే ఈ ఊరు గురజాడ అప్పారావు 1862లో పుట్టిన ఊరుగా తెలుగు పాఠకులందరికీ తెలిసినదే అయినా, భూగర్భ శాస్త్రం చదివేవారికి ఇది మరో కారణం చేత ఆసక్తికరమైనది: ఇక్కడ చమురు లేదు, ఉండే అవకాశమూ లేదు. తూర్పు కనుమల అంచున ఉన్న ఈ ప్రాంతపు కొండలు ఖొండలైటు, చార్నొకైటు అనే శిలలవి. అవి కోట్లాది ఏళ్ల కిందట భూమి లోతుల్లో విపరీతమైన వేడికి, ఒత్తిడికి లోనై పూర్తిగా రూపు మారిన గట్టి స్ఫటిక శిలలు గనుక, చమురుకు మూలమైన జీవావశేషాలు వాటిలో మిగలవు, చమురు నిలవడానికి తగిన సందులూ ఉండవు. అయితే తుని, అన్నవరం దాటి కాకినాడ మీదుగా గోదావరి డెల్టాలోకి దిగేసరికి కథ మొత్తం మారిపోతుంది. అక్కడ పొలాల కింద కిలోమీటర్ల మందాన ఇసుకరాయి, బంకమట్టి గట్టిపడి ఏర్పడిన షేలు పొరలు పొరలుగా పేరుకుని ఉన్నాయి. ఇలా భూమి కుంగిన చోట అవక్షేపాలు చేరి నిండిన పల్లాన్ని బేసిన్ అంటారు, ఈ బేసిన్‌ను కృష్ణా–గోదావరి బేసిన్ అంటారు. రాఘవాపురం షేలు, గొల్లపల్లి ఇసుకరాయి, రాజోలు బసాల్టు అంటూ మన ఊళ్ల పేర్లే భూగర్భ పొరల పేర్లయి అంతర్జాతీయ పరిశోధన పత్రాల్లో కనబడతాయి. ఒకే రోజు ప్రయాణంలో చమురు ఎందుకు ఉండదో, ఎందుకు ఉంటుందో రెండూ చూడగలిగిన విద్యార్థికి మొదటి ఏడాది భూగర్భ శాస్త్రంలో సగం భారం తగ్గినట్టే.

చదువుకునే చోటు కూడా ఇప్పుడు దూరం కాదు. రాష్ట్ర విభజన తరవాత 2016లో విశాఖపట్నంలో తరగతులు మొదలుపెట్టి, 2017 నాటి పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాధాన్య సంస్థ హోదా పొందిన భారత పెట్రోలియం, ఇంధన సంస్థకు సబ్బవరం మండలం వంగలి దగ్గర స్థలం కేటాయించారు, ఎస్. రాయవరం, సబ్బవరం రెండూ నేడు ఒకే జిల్లాలోని మండలాలు. అక్కడ బీటెక్ ప్రవేశం జేఈఈ అడ్వాన్స్‌డ్ ద్వారా. ఆ పరీక్ష అందని వారికి కాకినాడ జేఎన్‌టీయూ వంటి చోట్ల రాష్ట్ర ప్రవేశ పరీక్ష దారి ఉంది. ఇక్కడ తల్లిదండ్రులు తరచుగా పొరబడే విషయం ఒకటుంది. విశాఖలో 1957 నుంచి రిఫైనరీ ఉండటం వల్ల, పెట్రోలియం ఇంజనీరింగ్ అంటే ఆ రిఫైనరీలో పని అనుకుంటారు. కానీ ముడి చమురును శుద్ధి చేసి పెట్రోలు, డీజిలు తీయడం ప్రధానంగా కెమికల్ ఇంజనీర్ల పని, పరిశ్రమ దాన్ని డౌన్‌స్ట్రీమ్ అంటుంది. పెట్రోలియం ఇంజనీరు చదివేది అప్‌స్ట్రీమ్, అంటే చమురును వెతికి, బావి తవ్వి, భూమి పైకి తెచ్చే భాగం. ఈ తేడా కౌన్సెలింగ్‌కు ముందే తెలిసి ఉండాలి.

చదువులో మొదట ఎదురయ్యే రెండు భావనలు పోరాసిటీ, పర్మియబిలిటీ. రాతిలో ఖాళీ సందులు ఎంత భాగమో చెప్పేది పోరాసిటీ; ఒక ఘనపు మీటరు ఇసుకరాయిలో ఇరవై శాతం సందులుంటే అందులో 200 లీటర్ల ద్రవం పడుతుంది. ఆ సందులు ఒకదానితో ఒకటి కలిసి ద్రవాన్ని ఎంత తేలికగా సాగనిస్తాయో చెప్పేది పర్మియబిలిటీ. వేసవిలో వరాహ నది ఇసుకలో చెలమ తవ్వితే నీరు ఊరి వస్తుంది గానీ, చెరువు అడుగున తడిసి ముద్దయిన బంకమట్టిలో ఎంత తవ్వినా చెంబుడు నీళ్లు రావు. బంకమట్టిలో నీరు లేక కాదు, అది వదలదు గనుక. షేలు పొరలో చమురు పుట్టినా ఇసుకరాయి పొరలోకి చేరితే తప్ప మామూలు బావిలోకి రాకపోవడానికి కారణం ఇదే. ఈ ప్రవాహానికి సూత్రం కనిపెట్టింది చమురు మనిషి కాడు, ఫ్రాన్సులో దిజోఁ పట్టణానికి తాగునీటి సరఫరా ఏర్పాటు చేసిన హెన్రీ డార్సీ. ఇసుక గుండా నీరు సాగే తీరు మీద ఆయన 1856లో ప్రచురించిన ఫలితాలే నేటికీ రిజర్వాయర్ ఇంజనీరింగ్‌కు పునాది, పర్మియబిలిటీ కొలతకు పేరు కూడా డార్సీయే.

ఇక డ్రిల్లింగ్ మడ్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఈ చదువులోని ఆలోచన అంతా అక్కడే కనబడుతుంది. బావి తవ్వుతున్నప్పుడు గొట్టం గుండా లోపలికి పంపి, గొట్టానికీ బావి గోడకూ మధ్య సందులోంచి పైకి రప్పించే చిక్కటి బురద వంటి ద్రవాన్ని మడ్ అంటారు. నీరు, బెంటొనైటు మట్టి, బరువు కోసం బెరైటు పొడి అందులో ముఖ్యమైనవి. తెగిన రాతి తునకలను పైకి మోయడం, రాతిని తొలిచే బిట్టును చల్లబరచడం దాని పనులే అయినా, అసలు పని రాతిలోని వాయువును బావిలోకి రాకుండా తన బరువుతో అణచి ఉంచడం. లెక్క ఇంటర్ ఎంపీసీ పిల్లలకు అర్థమయ్యేదే. పది మీటర్ల ఎత్తు నీరు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి కలిగిస్తుంది గనుక, 3,000 మీటర్ల బావిలో నిండా నీరే ఉంటే అడుగున ఒత్తిడి 300 కిలోలు. ఆ లోతులో రాతిలోని వాయువు ఒత్తిడి 340 కిలోలనుకుంటే నీరు దాన్ని ఆపలేదు; నీటికి 1.2 రెట్లు బరువైన మడ్ ఉంటే 360 కిలోలు వస్తుంది, వాయువు ఆగుతుంది. అలాగని భయపడి మడ్‌ను 1.6 రెట్లకు పెంచితే 480 కిలోల ఒత్తిడికి రాయే బీటలు వారి, మడ్ అందులోకి జారిపోయి, బావిలో మట్టం పడిపోయి, అణచిపెట్టిన వాయువే మళ్లీ పైకి తోసుకురావచ్చు. తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే అయిన ఆ ఇరుకు దారిలో రోజుల తరబడి నిలిచి ఉండటాన్ని డ్రిల్లింగ్ అంటారు.

ఈ లెక్కను నిలబెట్టే పరికరాలు చాలా చిన్నవి. మడ్ బ్యాలెన్సు అంటే ఒక కొసన గిన్నె, మరో కొస వైపు జరిగే తూనికబిళ్ల ఉన్న కాడ. గిన్నె నిండా మడ్ పోసి, మూత బిగించి, మూత రంధ్రంలోంచి పొంగిన దాన్ని తుడిచి, బిళ్లను జరుపుతూ కాడ సమంగా నిలిచిన చోట అంకె చదవాలి. గిన్నె అంచున అంటుకున్న మడ్‌ను తుడవకపోతే అంకె మారిపోతుంది. చిక్కదనం చూడటానికి మార్ష్ ఫనెల్ అనే గరాటు ఉంది. దాని అడుగు నుంచి 946 మిల్లీలీటర్ల మంచినీరు దిగడానికి 26 సెకన్లు పడుతుంది, మడ్‌కు అంతకంటే ఎన్ని సెకన్లు ఎక్కువ పడితే అది అంత చిక్కన. అడుగు రంధ్రాన్ని వేలితో మూసి, జల్లెడ మీదుగా మడ్ పోసి, వేలు తీసి సమయం లెక్కపెట్టే ఈ పని ఒక్కసారి స్వయంగా చేసిన విద్యార్థికి చిక్కదనం మీద పాఠం పరీక్ష తరవాత కూడా గుర్తుంటుంది. పరికరాలు ఉండి కూడా, పరీక్షల ముందు రికార్డు పుస్తకంలో పాత అంకెలు దించుకునే అలవాటు చాలా కాలేజీల్లో ఉండటం బాధాకరం. ఈ వృత్తిలో అంకెను దించుకోవడం మిగతా వృత్తుల్లోలాగా మార్కులతో పోయే తప్పు కాదు.

బెరైటు సంగతి తెలుగు విద్యార్థికి ప్రత్యేకంగా చెప్పాలి. మడ్‌కు బరువునిచ్చే ఈ ఖనిజాన్ని మన పల్లెల్లో ముగ్గురాయి అంటారు, నీటికి నాలుగు రెట్లకు పైగా బరువు ఉంటుంది, ప్రపంచంలోని అతి పెద్ద నిక్షేపాల్లో ఒకటి రైల్వే కోడూరు దగ్గరి మంగంపేటలో ఉంది. అక్కడి రాయి పొడి అయి విదేశాల్లోని చమురు బావుల దాకా వెళుతుంది. ఈ సంగతి పాఠంలో చేర్చడానికి ఖర్చేమీ లేదు. చేరిస్తే సముద్రం నడుమ బావి తవ్వే రిగ్గుకూ రాయలసీమ గనికీ ఉన్న సంబంధం విద్యార్థికి మొదటి రోజే తెలుస్తుంది.

మడ్ బరువు చాలక వాయువు బావిలోకి దూరడాన్ని కిక్ అంటారు. దాన్ని అదుపు చేయలేకపోతే బ్లోఅవుట్. ఈ మాట కోనసీమలో నిఘంటువు లేకుండానే అందరికీ తెలుసు. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర తవ్వుతున్న బావి బద్దలై అంటుకున్న మంట 65 రోజులకు, మార్చి 15న గానీ ఆరలేదు. చుట్టుపక్కల జనాన్ని ఇళ్లు ఖాళీ చేయించారు, ఆర్పడానికి విదేశీ నిపుణులు రావలసి వచ్చింది. అదే ప్రాంతంలో 2014 జూన్ 27న నగరం గ్రామంలో వాయువు పైపులైను పేలి ఇరవై మందికి పైగా మరణించారు. తేమతో కూడిన వాయువు పైపును లోపలి నుంచి తుప్పు పట్టించిందన్నది అక్కడ ప్రధానంగా తేలిన విషయం. వాయువులోని తేమను గ్లైకాల్ అనే ద్రవంతో తీసివేసే పద్ధతి ఈ కోర్సులో ఒక అధ్యాయం, తరచుగా పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న. నగరం పేరు చెప్పకుండా ఆ అధ్యాయం బోధించడం ఈ రాష్ట్రంలో సరికాదు. విద్యార్థులను భయపెట్టడానికి కాదు, ఆ అధ్యాయం ఎందుకు ఉందో తెలియడానికి.

వాడుకలో ఉన్న పాఠ్యపుస్తకాలు ఎక్కువగా అమెరికాలో రాసినవి. లోతు అడుగుల్లో, ఒత్తిడి పౌండ్లలో, చమురు 159 లీటర్ల పీపాల్లో కొలుస్తారు, ఉదాహరణలు టెక్సస్‌వో ఉత్తర సముద్రానివో ఉంటాయి. పరిశ్రమ ఆ కొలతల్లోనే మాట్లాడుతుంది గనుక అవి నేర్వక తప్పదు, నేర్వడం మంచిదే. అయితే అంచనా ఎంత కష్టమో చెప్పడానికి కాకినాడ ఎదుటి సముద్రంలోని కేజీ–డీ6 వాయు క్షేత్రం కంటే మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది? 2002లో కనుగొన్న ఆ క్షేత్రంలో 2009 ఏప్రిల్‌లో వాయువు ఉత్పత్తి మొదలై, రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్ల లక్ష్యానికి గాను 2010లో 6 కోట్ల దాకా చేరి, అక్కడి నుంచి వేగంగా పడిపోయి 2014 నాటికి నాలుగో వంతు కంటే తక్కువకు దిగింది. రాతి పొరల స్వభావం ముందు అనుకున్నదానికంటే జటిలమని, బావుల్లోకి నీరు, ఇసుక చేరాయని ఆ క్షేత్రాన్ని నడిపిన కంపెనీ చెప్పింది. తవ్వవలసినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వ పక్షం అన్నది. వివాదం మధ్యవర్తుల దాకా వెళ్లింది. ఈ రెండు వాదనలనూ ఒత్తిడి తగ్గుదల లెక్కలతో పరిశీలించమని ఆఖరి ఏడాది విద్యార్థులకు అప్పగిస్తే, రిజర్వాయర్ ఇంజనీరింగ్‌లో మెటీరియల్ బ్యాలెన్స్ అనే పద్ధతి, అంటే తీసినదెంత, మిగిలినదెంత, ఒత్తిడి ఎంత పడింది అన్న మూడింటినీ సరిచూసే లెక్క, వారికి మరో పుస్తకం అవసరం లేకుండా వంటబడుతుంది.

ఉద్యోగాల విషయం దాచడం తప్పు గనుక సూటిగా చెప్పాలి. ఈ డిగ్రీ విలువ ముడి చమురు ధరతో ముడిపడి ఉంది. 2014 మధ్యలో పీపా వంద డాలర్లకు పైన ఉన్న ధర 2016 జనవరికి ముప్పై డాలర్ల కిందికి పడినప్పుడు ప్రపంచమంతటా రిగ్గులు ఆగిపోయాయి, కొత్త పట్టభద్రులకు పిలుపులు తగ్గాయి, 2020లో మరోసారి అదే జరిగింది. చేరిన ఏడాది బాగున్న మార్కెట్ బయటికి వచ్చే ఏడాదికి ఎలా ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి అప్పు చేసి పిల్లలను చదివించే కుటుంబం ఇందులో చేరే ముందు ఆలోచించాలి, చేరిన విద్యార్థి గణితం, ద్రవగతి శాస్త్రం, ప్రోగ్రామింగ్ గట్టిగా నేర్చుకోవాలి. డార్సీ సూత్రం చమురుకే పరిమితం కాదు. భూగర్భ జలాలకు, భూమి వేడితో విద్యుత్తు తీయడానికి, కార్బన్ డయాక్సైడును లోతైన పొరల్లోకి పంపి దాచడానికి అదే సూత్రం, అదే డ్రిల్లింగ్ అవసరం.

ఆడపిల్లలకు సంబంధించి ఒక మార్పు ప్రస్తావించి తీరాలి. మన చట్టం ప్రకారం చమురు బావి కూడా గనియే గనుక, 1952 గనుల చట్టం స్త్రీలు రాత్రివేళ అక్కడ పనిచేయడాన్ని నిషేధించేది. రాత్రింబవళ్లు నడిచే రిగ్గు మీద ఆ నిబంధన ఉద్యోగాన్నే అడ్డుకునేది. 2019లో కేంద్రం షరతులతో ఆ నిషేధాన్ని సడలించింది. కాలేజీలో సీటు ఇచ్చి రిగ్గు మీద చోటివ్వని పాత అన్యాయానికి చట్టపరమైన కారణం అలా తొలగింది గానీ, శిక్షణకు పంపేటప్పుడు అమ్మాయిలను ఆఫీసు పనికి మళ్లించే అలవాటు పోవలసే ఉంది.

చమురు, వాయువు తీస్తే భూమి కుంగుతుందా అని కోనసీమ రైతు ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్నకు జవాబు చెప్పగలగడం కూడా ఈ చదువులో భాగమే. కాలిఫోర్నియాలో లాంగ్ బీచ్ దగ్గర విల్మింగ్టన్ క్షేత్రం మీద నేల దాదాపు తొమ్మిది మీటర్లు కుంగిన మాట నిజం, పొరల్లోకి నీరు ఎక్కించి ఒత్తిడి నిలిపాక ఆ కుంగుబాటు ఆగిన మాటా నిజం. అయితే మన డెల్టాలో ఆనకట్టల వెనక ఒండ్రు నిలిచిపోయి సముద్రం దాకా చేరకపోవడం, భూగర్భ జలాలు తోడటం, లేత ఒండ్రు తనంతట తాను అణగడం కూడా కారణాలు కాగలవు గనుక, ఏది ఎంతో చెప్పాలంటే బావి అడుగు ఒత్తిడి రికార్డులూ నేల ఎత్తు కొలతలూ ఏళ్ల తరబడి పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ పనికి తగిన గణితం, భూగర్భ పరిజ్ఞానం ఈ తీరపు విద్యార్థులకు నాలుగో ఏడాదికల్లా వస్తాయి. ఆ రికార్డులు వారి చేతికి అందేలా చూడవలసింది కంపెనీలు, విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వం.