చేతబడి అని రాసేముందు

జిల్లా డెస్కులో పనిచేసేవాళ్లందరికీ ఈ వార్త తెలుసు. మండల విలేకరి నుంచి రాత్రి పొద్దుపోయాక వస్తుంది. ఊరి పేరు మారుతుంది, చనిపోయినవారి వయసు మారుతుంది. ‘చేతబడి చేస్తున్నాడన్న అనుమానంతో’ అనే ముక్క మాత్రం మారదు. చనిపోయింది ఎక్కువసార్లు ముసలివాళ్లే. ఆకుపసరు వైద్యం తెలిసిన తాతో, దిక్కులేని ఆడమనిషో. కొట్టినవాళ్లు పరాయివాళ్లు కారు. పాలివాళ్లు, పక్కింటివాళ్లు, నిన్నటిదాకా వరస పెట్టి పిలిచినవాళ్లు. ఆ వార్త దిద్దే మాకు ఆ ముక్క దగ్గర చెయ్యి ఆగాలి. ఎందుకు ఆగాలో చెప్పడానికే ఈ వారం కాలమ్.

ఊళ్లో మొదట ఎవరూ చేతబడి అన్న మాట ఎత్తరు. ‘ఎవరో ఏదో చేసిండ్రు’ అంటారు. కోస్తాలోనైతే ‘ఎవరో చేయించారు’ అంటారు. చేసినవాడికి పేరుండదు, చేసినదానికీ పేరుండదు. పిల్లాడి జ్వరం తగ్గదు, బర్రె పాలు చేపదు, కోడలికి కడుపు నిలవదు. వీటన్నిటికీ ‘చేయు’ అనే మామూలు క్రియ ఒక్కటి చాలు. చేతబడిలో ఉన్నదీ ఆ చేతే. గోదావరి జిల్లాల్లో, మన్యంలో దీన్ని చిల్లంగి అంటారు. మెదక్, జహీరాబాద్ వైపు బాణామతి. ఈ బాణామతి మన ఒక్కరి మాట కాదు. మరాఠ్వాడాలో భానామతి అంటారు, బీదర్, కలబురగిలో బానామతి అంటారు. పాత హైదరాబాద్ రాజ్యంలోని మూడు భాషల జిల్లాల్లోనూ ఈ మాట ఉంది, దాని వెంట అదే భయం ఉంది.

ఆ భయం ఎంతదూరం వెళ్తుందో ఒక్క సంగతి చాలు. మెదక్ ప్రాంతంలో బాణామతి చేస్తున్నాడని నిందపడ్డ మనిషి పళ్లు ఊడగొట్టిన ఘటనలున్నాయి. ఎందుకంటే, మంత్రం పారాలంటే అక్షరం స్పష్టంగా పలకాలట. పళ్లు లేకపోతే పలుకు జారుతుంది, మంత్రం పనిచెయ్యదట. నోరులేని మనిషి మీద మోపిన నింద ఇది. నోట్లో పళ్లుంటే ఆయన ‘నేనేం చెయ్యలేదు’ అనైనా గట్టిగా చెప్పుకునేవాడు.

ఆ భయానికి ఆధారంగా చూపేవన్నీ వివరించడానికి వీలైనవే. ఉన్నట్టుండి కేకలు పెట్టడం, కుక్కలా అరవడం, కాళ్లూ చేతులూ బిగుసుకుపోవడం మనసు మీద పడ్డ ఒత్తిడి శరీరంలోంచి బయటపడే తీరని మానసిక వైద్యులు చెబుతారు. బట్టలు వాటంతటవే అంటుకుంటే అక్కడ పసుపు భాస్వరం ఉండి ఉండవచ్చు. నీళ్లలోంచి తీసి గాలికి ఆరబెడితే అది దానంతటదే మండుతుంది. ‘నిమ్మకాయలో నెత్తురు’ మరీ తేలిక. మందార పువ్వు రసం పూసి ఆరబెట్టిన కత్తితో కోస్తే నిమ్మ పులుపుకి ఎర్రటి చుక్కలు జారతాయి. పెళ్లిలో దిష్టి తీసే ఎర్రనీళ్లు కలిపిన ప్రతి ఇల్లాలికీ ఇలాంటి సంగతి ముందే తెలుసు. పసుపులో సున్నం పడితే ఎరుపే. జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు, విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు ఇలాంటివన్నీ ఊరూరా జనం ముందు చేసి చూపారు. వాళ్లు చేసిన మేలుకు దక్కాల్సిన గౌరవం మన పత్రికల్లో దక్కలేదని నా బాధ.

ఇక మా పని సంగతి. ‘చేతబడి అనుమానంతో హత్య’ అని శీర్షిక పెడితే, చదివేవాడికి చిన్న సందు మిగులుతుంది. అనుమానం నిజమూ కావచ్చు కదా! దొంగతనం అనుమానంలో దొంగతనం ఉన్నట్టే, ఇందులో చేతబడి అనేది ఉన్నట్టే లెక్క. మన పత్రికలు వాడే ‘నెపంతో’ దీనికంటే ఎంతో మేలు. అది నింద వేసినవాడి మాటను నమ్మదు. దానికీ ఓ లోపముంది. నెపం అంటే తెలిసి చెప్పే సాకు. చంపినవాళ్లలో చాలామంది సాకు చెప్పడం లేదు, నిజంగానే నమ్మారు. అయినా ఆ రెంటిలో నేను నెపం వైపే. చంపినవాడి నమ్మకం కన్నా చనిపోయినవాడి పరువు నాకు ముఖ్యం.

అదే పేజీలో, రెండు కాలమ్‌ల అవతల, ఏ నాట్య ప్రదర్శనో ప్రేక్షకులను ‘మంత్రముగ్ధుల్ని చేసింది’ అని ఉంటుంది. మంత్రం, మాయ, ఇంద్రజాలం మన వాడుకలో మెచ్చుకోళ్లుగా మారి చాలా కాలమైంది. కళాకారుడికి దండ అయిన ఆ మాటే, ఊరి చివర గుడిసెలో ఉండే మనిషికి ఉరి అవుతోంది. జాతీయ నేర గణాంకాల సంస్థ హత్యల కారణాల పట్టికలో మంత్రవిద్యకు ఇప్పటికీ వేరే వరస ఉంది. 2022లో ఆ వరసలో 85 మంది.

బిహార్ 1999లో, జార్ఖండ్ 2001లో తెచ్చిన చట్టాలు ఈ విషయంలో అసలు మూలాన్ని పట్టుకున్నాయి. అక్కడ ఒక మనిషిని ‘డాయన్’ (మంత్రగత్తె) అని ముద్రవేయడమే నేరం. మాటతో వేసినా, చేతతో వేసినా మూడు నెలల దాకా జైలు. శిక్ష చిన్నదే, చూపు మాత్రం సరైనది. కొట్టడం కన్నా ముందు పేరు పెట్టడం జరుగుతుందని ఆ చట్టం రాసినవాళ్లు గుర్తించారు. ఆ ముద్ర పడి సొంత ఊరు విడిచి, తర్వాత తనలాంటి ఎందరో ఆడవాళ్లకు అండగా నిలిచిన జార్ఖండ్ మహిళ ఛుట్నీ మహతోకు 2021లో పద్మశ్రీ వచ్చింది. మహారాష్ట్ర 2013లో, మూఢనమ్మకాలపై పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను పుణెలో కాల్చి చంపాక చట్టం తెచ్చింది. కర్ణాటక 2017లో తెచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. రావాలి.

అది వచ్చేదాకా మా విలేకరి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. ఆ కుటుంబంలో ఎవరికి ఏం జబ్బు చేసింది, ఏ ఆస్పత్రికి తీసుకెళ్లారు, ఆస్పత్రి ఎంత దూరం, రెండిళ్ల మధ్య గట్టు తగాదా ఉందా, మొదట ఆ పేరు ఎత్తిందెవరు అని అడగండి. ‘జ్వరంతో కొడుకు మృతి, పక్కింటి వృద్ధుణ్ని చంపిన తండ్రి’ అని రాయొచ్చు. జరిగింది అదే. చేతబడి మాట రెండో పేరాలో, నింద వేసినవాళ్ల నోటి మాటగానే రానివ్వండి. చనిపోయిన మనిషిని మంత్రగాడు అని మనం రాయకూడదు.

పాఠకులకూ ఒక మనవి. ‘ఎవరో చేసిండ్రు’ అన్నది ‘ఫలానావాళ్లే చేసిండ్రు’ అయిన రోజు ఆ ఫలానా మనిషికి ప్రాణగండం మొదలైనట్టే. పంచాయితీ పెట్టేదాకా చూడకండి. ఆ రోజే 112కి ఫోన్ చెయ్యండి.