సిస్టర్ చేతులు

"మేడమ్, ఈ శానిటైజర్ నాకు పడట్లేదు. రాసుకుంటే చాలు, భగ్గున మండుతోంది." వార్డులో కొత్తగా చేరిన సిస్టర్ల నోట నేను తరచూ వినే మాట ఇది. మంటకు భయపడి వాళ్లు సబ్బుకు మారతారు. అక్కడే చెయ్యి ఇంకా పాడవుతుంది. ఆ మంట చాలాసార్లు శానిటైజర్ పెట్టింది కాదు. అప్పటికే పగిలిన చర్మానిది. పగలగొట్టేది మాటిమాటికీ వాడే సబ్బూ నీళ్లే. చర్మం పైపొరలోని జిడ్డును సబ్బు లాగేస్తుంది, వేడినీళ్లయితే మరీను. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హ్యాండ్ రబ్‌లో 80 శాతం ఇథనాల్‌తో పాటు 1.45 శాతం గ్లిజరిన్ ఉంటుంది. అది కలిపింది చర్మం కోసమే.

చేతికి రక్తమో, మురికో కనబడితే, రోగికి విరేచనాలవుతుంటే సబ్బుతోనే కడగాలి. మిగతా వేళల్లో 20-30 సెకన్ల రబ్ చాలు. రెండూ వెంటవెంటనే చేయడం, తడి ఆరకుండానే గ్లౌజులు తొడగడం చర్మానికి చేటు.

అసలు ఆపరేషన్ థియేటర్‌లోకి రబ్బరు గ్లౌజులు వచ్చిందే ఒక నర్సు చేతుల కోసం. 1889-90 ప్రాంతంలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో కెరొలైన్ హాంప్టన్ చేతులు మెర్క్యురిక్ క్లోరైడ్ ద్రావణానికి పుండ్లు పడ్డాయి. సర్జన్ హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బర్ కంపెనీతో పల్చటి గ్లౌజులు చేయించి ఇచ్చాడు. వాటివల్ల రోగికీ రక్షణేనని తరవాత తేలింది. ఆమె బాధను "సర్దుకుపో" అని కొట్టిపారేయలేదు, పరికరమే తెప్పించాడు. ఈ కథలో నాకు నచ్చేది అదే.

మన దగ్గర చేతుల పరిశుభ్రత మీద పోస్టర్లున్నాయి, ఆడిట్లున్నాయి. సింకు పక్కన మాయిశ్చరైజర్ మాత్రం ఉండదు. సిస్టర్ తన జీతంలోంచి కొనుక్కోవాలి. ఇంటికెళ్లాక గిన్నెలు, బట్టలు ఎటూ తప్పవు. పగిలిన చేతి మీద సూక్ష్మజీవులు ఎక్కువగా నిలుస్తాయి, మంటపుట్టే చెయ్యి రబ్ బాటిల్ వైపు వెళ్లడానికి వెనకాడుతుంది. అంటే ఇది అందానికి సంబంధించిన ముచ్చట కాదు, ఇన్ఫెక్షన్ కంట్రోల్ పనే.

నర్సింగ్ సూపరింటెండెంట్లకు నా మనవి: ఈసారి ఇండెంట్‌లో సబ్బుతో పాటు మాయిశ్చరైజర్ కూడా రాయండి. అందరూ వేళ్లు పెట్టే డబ్బా వద్దు, పంపు ఉన్న సీసా తెప్పించండి. లేటెక్స్ గ్లౌజులను పాడుచేసే పెట్రోలియం జెల్లీ రకం కాకుండా చూడండి.